తుఫాను కడుపులో గంజి పందెం

పడవ బొంగరంలా తిరుగుతోంది. బొంగరానికైనా కాసేపటికి అలుపొచ్చి పక్కకి వాలుతుంది. ఈ పడవకి ఆ బుద్ధి కూడా లేదు.

అందులో ఇద్దరే ఉన్నారు. తెరచాప కొయ్యని రెండు చేతులతో, రెండు కాళ్ళతో, సందు దొరికితే పళ్ళతో కూడా పట్టుకుని వేలాడుతున్నవాడు సప్తశుక్తి రాజ్యానికి కాబోయే రాజు తరంగవర్మ. చూస్తే అలా అనిపించడు లెండి. చేపలమ్మేవాడి వేషం, ఒంటిమీద గోచీ, నడుముకి ఒక గుడ్డమూట. తలమీద చేపల తట్ట కూడా ఉండేది, దాన్ని గాలి ఎప్పుడో అరువు పట్టుకెళ్ళింది. వెనకాల చుక్కాని దగ్గర కాలుమీద కాలేసుకుని పాట పాడుతున్నవాడు గవరయ్య. పడవ నడపడం వాడి వృత్తి, మనుషుల్ని ఆటపట్టించడం వాడి ధర్మం.

"బాబూ, ఒక్కపాలి కళ్ళు తెరండి! ఇలాటి తమాషా మీ కోటలో దొరకదు!"

"తెరిస్తే పొద్దున తిన్నది బయటికొస్తుంది గవరయ్యా!"

"రానీండి బాబూ. సముద్రంలో చేపలకి మాత్రం ఆకలెయ్యదా?"

సంగతేమిటో తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్తాను, పడవ ఎలాగూ తిరుగుతూనే ఉంటుంది. సప్తశుక్తి అంటే ఏడు దీవులు. ఆరబెట్టిన నీలిపట్టు చీర మీద ఎవరో చిన్నపిల్ల ఆడుకుని వదిలేసిన గవ్వల్లా ఉంటాయి. అటువంటి చల్లని రాజ్యానికి ఝంఝాకర్ణుడనే మాంత్రికుడొచ్చి నిండు సభలో రాజుగారికి నమస్కారం పెట్టాడు. ఆయన చెవులు ఒక్కోటి చేటంత. నమస్కారానికి వంగినప్పుడు రెండూ ముందుకి పడి టపటపమన్నాయి. సభలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ కిసుక్కు పక్కవాడికి, వాడి నుంచి ఎదుటివాడికి అంటుకుని చివరికి సింహాసనం మీద రాజుగారు కూడా కిరీటం పట్టుకుని నవ్వారు. మాంత్రికుడికి మండింది. చిన్న పిల్లగాలిగా ఉన్నప్పటి నుంచి కుండలో పెట్టి పెంచుకుంటున్న సుడిగాలిని మూత తీసి వదిలాడు. అది తుఫానై కూర్చుంది.

ఏడు రోజుల్లో నాలుగు దీవులు తొక్కింది. దాని వెనకాలే పోయి, అది ఏ దారిన పోతోందో గుడ్డమీద గీసుకుని, ఎక్కడి జనానికి ఏం కావాలో రాసుకుని, ముందున్న దీవులకి కబురందించమని రాజుగారు కొడుకుని పంపారు. మాంత్రికుడు రాజవంశాన్ని గాలికి ఎగరేస్తానని ఒట్టు పెట్టుకున్నాడు కనక ఈ గోచీ వేషం. నడుముకున్న మూటలో ఉన్నది ఆ గుడ్డే. మొదటి దీవిలో నలభై కప్పులు లేచిపోయాయి, తాటాకు కావాలి. రెండో దీవిలో బావుల్లోకి ఉప్పునీళ్ళు చేరాయి, మంచినీళ్ళు కావాలి. మూడోదైన చిలకగవ్వ దీవిలో అన్నీ ఉన్నాయి, ఒక ముసలాయన మాత్రం ఎగిరిపోయిన తన పుంజుని వెతికి పెట్టమన్నాడు. యువరాజు అది కూడా రాసుకున్నాడు.

నాలుగోది పచ్చగవ్వ. అక్కడే అసలు కీలకం తెలిసింది. గాలివాన మధ్యలో ఠక్కున ఆగి ఎండ కాసింది. జనం బయటికొచ్చి బట్టలారేసుకున్నారు, కప్పులెక్కారు. రెండు గడియలు గడవగానే గాలి అటువైపు నుంచి ఇటు కొట్టింది! కాళ్ళూ చేతులూ విరిగినవాళ్ళు పదకొండు మంది. ప్రాణాలు దక్కడం వాళ్ళ అదృష్టం. ఈ తుఫాను నడుమ గారెకున్నట్టు చిల్లు ఉంది. ఎందుకంటే ఆ చిల్లులో ఒక చాప తేలుతూ ఉంటుంది, చాపమీద ఝంఝాకర్ణుడు కూర్చుని దాన్ని తోలుతుంటాడు. గాలి తగిలితే ఆయనకి చెవిపోటు. తను పెంచిన గాలి తన చెవికే పడదు పాపం!

ఇంతలో పడవ దభీమని దేన్నో దాటింది. చప్పుడు ఆగిపోయింది.

తరంగవర్మ ఒక కన్ను తెరిచాడు, తర్వాత రెండోది కూడా తెరిచాడు. చుట్టూ ఆకాశమంత ఎత్తున వెన్నముద్దలు పేర్చి కట్టినట్టు తెల్లటి మబ్బుగోడ. నడినెత్తిన కడిగిన కంచులా సూర్యుడు. ఎక్కడెక్కడి పక్షులో గాలికి కొట్టుకొచ్చి, అలిసి, పడవ అంచుమీద వరసగా కూర్చున్నాయి. గోరింకలు, కొంగలు, ఒక నెమలి, దాని పక్కన మొహం మాడ్చుకుని ఒక కోడిపుంజు. నీళ్ళు మాత్రం పొయ్యిమీద ఎసరులా ఇంకా కుతకుతలాడుతున్నాయి. ఎదురుగా ఎండలో మెరుస్తూ అయిదో దీవి, ఉప్పుగవ్వ.

"చిల్లులో పడ్డాం," అన్నాడు యువరాజు. "గవరయ్యా, ఆ ఒడ్డున జనం!"

ఒడ్డున జనమే కాదు, పన్నెండు పడవలు బారులు తీరి ఉన్నాయి. ప్రతి పడవలో పొగలు కక్కే పెద్ద కుండ. ఆడా మగా అరవై మంది తెడ్లు భుజాన వేసుకుని సిద్ధంగా ఉన్నారు.

వాళ్ళు ఎటు బయల్దేరుతున్నారో తెలిసి గవరయ్య పాట ఆపేశాడు. ఆ దీవుల్లో ఒక ఆచారముంది. తుఫాను ముందు ఎవరిని తొక్కిందో వాళ్ళు, గాలి తగ్గగానే గంజి కాచి, తుఫాను తర్వాత తొక్కిన దీవికి పడవల్లో తీసుకెళ్ళాలి. పాపం అక్కడివాళ్ళు తలుపు తెరిచేసరికి వేడి గంజి గుమ్మంలో ఉండాలి. ముందు చేరినవాళ్ళకి ఏడాదంతా పేరు. పోయిన తుఫానుకి ఆరో దీవైన పగడాలదిబ్బకి చిలకగవ్వ వాళ్ళు ముందు చేరి, ఉప్పుగవ్వ వాళ్ళు వెనకబడ్డారు. అప్పటి నుంచి వీళ్ళ ఆడవాళ్ళు ఉప్పు అమ్మడానికి ఎక్కడికెళ్ళినా "ఏం వదినా, గంజి సల్లారిపోయిందా?" అని ఒకటే ఎకసెక్కాలు. ఈసారి ఆ మాట పడకూడదని వీళ్ళు గాలి వీస్తుండగానే ఉప్పుగుహలో దూరి గంజి కాచేశారు.

రెండు గడియల్లో గాలి తిరిగి కొడుతుంది. అప్పటికి ఈ అరవై మందీ నడిసముద్రంలో ఉంటారు.

పడవ ఇసుకని తాకకముందే యువరాజు దూకాడు. "ఆగండి! ఎవరూ కదలద్దు! తుఫాను అయిపోలేదు!"

జనాన్ని తోసుకుంటూ ఒక ముసలామె వచ్చింది. పేరు నూకాలవ్వ, దీవికి పెద్ద. పళ్ళు లేవు, ఆ లోటు గొంతుతో పూడ్చుకుంటుంది. చేతిలో ఉన్న గరిట రాజదండం కంటే పొడుగు.

"ఏటీ, అవలేదా? నెత్తిమీద ఎండ కాస్తంటే అవలేదంతావేట్రా? ఎవులు నువ్వు?"

"అవ్వా, ఇది తుఫానుకి నడుమ ఉన్న చిల్లు. అదిగో చుట్టూ గోడ! గాలి మళ్ళీ వస్తుంది!"

"తుఫానుకి సిల్లేట్రా, అదేమైనా కుండా? డెబ్బయ్యేళ్ళుగా సూస్తన్నాను, సిల్లున్న తుఫాను ఎక్కడా లేదు." నూకాలవ్వ కళ్ళు చిట్లించి వాణ్ణి కిందనుంచి మీదదాకా చూసింది. "ఓలె, నాకు తెలిసిపోనాది! ఈడు సిలకగవ్వోడు! మన్ని ఆపీడానికి పంపినారు!"

"సిలకగవ్వోడే!" అని అరవై గొంతులు.

"కాదు! నేను... నేను యువరాజుని!"

నవ్వు మొదలైంది చూడండి, పడవ అంచున ఉన్న పక్షులు లేచిపోయాయి. ఒకామె గోచీ చూపించి, "బావూ, కోటలో సాకలోడు రాలేదేటి?" అంది. యువరాజు మొహం కందగడ్డయింది.

గవరయ్య పక్కకొచ్చి చెవిలో గొణిగాడు. "నిజం సెప్పడం మానీండి బాబూ. నిజానికి ఇక్కడ గిరాకీ లేదు." తర్వాత నూకాలవ్వ ముందు వినయంగా వంగి, "అవ్వా, మేం ఎవులమైతేనేటి? బయల్దేరేటప్పుడు ఒడ్డున అతిథి దిగితే మీకో పద్దతుండాల గదా?" అన్నాడు.

అవ్వ మొహం మాడిపోయింది. పద్ధతి ఉంది. గంజిపడవ కదిలే ముందు పరాయివాడెవడైనా ఒడ్డున అడుగుపెడితే, ముందు కాలు మోపినవాడు ప్రతి కుండలోదీ రుచి చూడాలి. వాడు 'కడుపు నిండింది తల్లీ' అనేదాకా పడవ నీళ్ళలోకి దింపకూడదు. అతిథిని ఆకలితో వదిలిన గంజిని గంగమ్మ ఒప్పుకోదు.

"సరే, తొరగా తాగి తొరగా అనీ!" అని అవ్వ గరిట ఝళిపించింది.

"ముందు కాలు మోపింది మా బాబే," అన్నాడు గవరయ్య. "బాబూ, ఆకలేస్తందా?"

"ఛీ, అస్సలు..."

గవరయ్య మడమ యువరాజు బొటనవేలి మీద పడింది.

"వేస్తోంది!" అని కేకపెట్టాడు యువరాజు. "ఘోరంగా వేస్తోంది!"

అలా మొదలైంది. కోటలో పాయసంలో జీడిపప్పు తక్కువైందని గిన్నె పక్కకి నెట్టే మహానుభావుడు ఇసకలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. మొదటి కుండ రాగిగంజి, పచ్చిమిరపకాయ నంజుడు. రెండో కుండ నూకలగంజి, ఉప్పు మరిచారు. ఉప్పు పండించే దీవిలో ఉప్పు మరవడమేమిటని గవరయ్య అడిగితే, కాచినామెని చూసి మొగుడూ, పక్కవాళ్ళూ, అంతా కలిసి నవ్వారు. మూడోది మాడింది. నాలుగోదాంట్లో ఎండుచేప తల తేలుతూ యువరాజు వంక జాలిగా చూసింది. ఒక్కో కుండ దగ్గరా గవరయ్య కొత్త పేచీ పెడుతున్నాడు.

"దీనికి నంజుడు లేదా? నంజుడు లేకుండా రుచెలా తెలుస్తాది? ఉల్లిపాయ తెండి. ఇదా? ఇది సిన్నది. పెద్దది తెండి!"

"ఓరి నీ కడుపు కాల, ఈడు మనిషా, సెరువా?" అని నూకాలవ్వ నెత్తి కొట్టుకుంది.

అప్పటికే కోపం పోయి అందరికీ వేడుక పుట్టింది. ఆరో కుండకి జనం చప్పట్లు కొడుతున్నారు. ఏడో కుండకి యువరాజు పొట్టమీద ఎవరో మద్దెల వాయించి పాట కట్టారు. తెల్లగోడ మెల్లగా దగ్గరికొస్తోంది. దాన్ని చూస్తున్నది గవరయ్య ఒక్కడే. మొహంలో నవ్వు చెరగనీయకుండా లోపల గడియలు లెక్కపెడుతున్నాడు. ఇంకా గడియ ఉంది.

ఎనిమిదో కుండ సగంలో యువరాజు కళ్ళు తేలేశాడు. "కడుపు..." అని నోరు తెరిచాడు.

గవరయ్య ఉల్లిపాయ కుక్కేశాడు. "నవుల్తన్నాడు! తొందరపెట్టకండి, ఇంకా తేల్చుకోలేదు!"

అవ్వకి అనుమానం వచ్చింది. గరిట పైకెత్తింది. సరిగ్గా అప్పుడు రాళ్ళ వెనకనుంచి ఒక కొత్త మనిషి వచ్చాడు. మోకాళ్ళ దాకా గడ్డం, నెత్తిన గుమ్మడికాయ కంటే పెద్ద తలపాగా. అది చెవులు కూడా కనపడకుండా బిగించి ఉంది. ఎవరో మీకు తెలిసిపోయిందా? తెలిస్తే గుట్టుగా ఉండండి, ఒడ్డున వాళ్ళెవరికీ తెలియదు.

"ఇచట ఎవరో నవ్వుచున్నారు," అన్నాడు ఆ పెద్దమనిషి గంభీరంగా. "ఎవరిని చూచి?"

"ఈణ్ణి సూసి!" అని అందరూ యువరాజుని చూపించారు.

"నన్ను చూచి కాదా?"

"నిన్ను ఇప్పుడే గదా తాతా సూస్తన్నాం," అన్నాడు గవరయ్య. "అబ్బో, తలపాగా! అందులో ఎవుల్నైనా దాసినావా?"

పెద్దమనిషి జవాబు చెప్పబోయాడు. కానీ ఎండుచేప గంజి వాసన ముక్కుకి తగిలింది. ఏడు రోజులుగా చాప దిగకుండా కూర్చున్నవాడు, పచ్చి మంచినీళ్ళు కూడా ఎరగడు. గుటక వేశాడు. ఆ గుటక చప్పుడు అవ్వకి వినపడింది.

"ఇంకో అతిథి!" అని ఆమె ఏడవలేక నవ్వింది. "కూకో నాయినా, కూకో. మా రాత."

ఆయన కూర్చున్నాడు. ఎనిమిదోదాంట్లో మిగిలిన సగం, తొమ్మిది, పది... గరిట పెట్టడం ఆలస్యం. పదకొండో కుండని ఎత్తి పట్టుకుని తాగాడు. యువరాజు కృతజ్ఞతతో ఆయన కాళ్ళమీద పడదామనుకున్నాడు గానీ వంగడం సాధ్యం కాలేదు. పన్నెండో కుండ అడుగు నాకి, ఆయన మూతి తుడుచుకుని, "కడుపు..." అన్నాడు.

సూర్యుడు ఆరిపోయాడు.

తెల్లగోడ ఒడ్డుమీదికి ఒరిగింది. మొదటి గాలిదెబ్బకి ఒక పడవ గింజపొట్టులా లేచి, కొబ్బరిచెట్లు దాటి, కనపడకుండా పోయింది.

"గుహలోకి!" అని గవరయ్య అరిచాడు. ఈసారి వాడి మాట మీద ఎవరికీ అనుమానం రాలేదు. పిల్లల్ని చంకనేసుకుని, చేతికందిన అయిదు పడవల్ని ఈడ్చుకుంటూ జనం ఉప్పుగుహలోకి పరుగెత్తారు. యువరాజు లేవలేకపోయాడు. గవరయ్యా, మరో ముగ్గురు ఆడవాళ్ళూ కలిసి ఆయన్ని నూనెపీపాలా దొర్లించుకుంటూ పోయారు. సప్తశుక్తి రాజవంశ చరిత్రలో ఈ విధంగా ప్రయాణం చేసిన యువరాజు ఇంకొకడు లేడు.

గుహ నోట్లోంచి నూకాలవ్వ బయటికి చూసింది. ఒడ్డున మిగిలిన ఆరు పడవలూ, వాటితోబాటు గవరయ్య పడవా ఒకదాని వెనక ఒకటి లేచాయి. ఒకటి గాల్లోనే రెండుగా చీలింది. అవి మబ్బులో కలిసేదాకా చూసి, ఆమె వెనక్కి తిరిగింది.

"అందులో నా కూతురు ఎక్కాల. నా మనవలు ఇద్దరు ఎక్కాల," అంది నెమ్మదిగా. యువరాజు దగ్గరకొచ్చి, వాడి పొట్టమీద చెయ్యి వేసి నిమిరింది. "ఎంత గొప్ప కడుపు నాయినా నీది!"

తర్వాత అందర్నీ పేర్లు చెప్పమంది. దీవిలో ఎవరి పేరు వాళ్ళు గట్టిగా చెప్పాలి, అదీ లెక్క. రెండువందల పద్నాలుగు గొంతులు పలికాయి. ఒక్కటి కూడా తగ్గలేదు. ఆ లెక్క విని గుహంతా ఊపిరి వదిలింది. ఎవరో నవ్వారు, ఎవరో ఏడ్చారు, ఇంకెవరో పొట్టపాట మళ్ళీ ఎత్తుకున్నారు.

అంతలో గుహ వెనకనుంచి "అమ్మో! నా చెవి! నా చెవి!" అని ఒకటే గావుకేక.

సందులోంచి వచ్చిన గాలి తలపాగా కొస పట్టుకుని లాగుతోంది. మడత మీద మడత విప్పుకుంటూ పోయింది. చివరి మడత ఊడగానే చేటలంత చెవులు రెండూ టపటపా బయటపడ్డాయి.

"ఝంఝాకర్ణుడు!" అన్నాడు యువరాజు.

"ఔను, నేనే!" మాంత్రికుడు రెండు చేతులతో రెండు చెవులూ మూసుకున్నాడు. "అల్పులారా! ఒక్క మంత్రముతో మిమ్మల్నందరినీ బూడిద..."

"వెయ్యి సామీ!" అన్నాడు గవరయ్య. "సెయ్యెత్తి వెయ్యి!"

మాంత్రికుడు చెయ్యెత్తాడు. గాలి చెవిలో దూరింది. "అబ్బా!" అని మళ్ళీ మూసుకున్నాడు. రెండో చెయ్యెత్తాడు, రెండో చెవిలో దూరింది. ఇలా నాలుగుసార్లు. పిల్లలు కిలకిల నవ్వబోతే నూకాలవ్వ గరిట చూపించి ఆపింది. తన నెత్తిమీద కొంగు చించి, గట్టిగా కట్టు కట్టి, ఆ చెవులు రెండూ వెచ్చగా చుట్టబెట్టింది.

"ఎంత తప్పు సేసినోడైనా మా కుండలో తాగినోడు. సెవిపోటుతో సావనిత్తామా?"

మాంత్రికుడు నోరెళ్ళబెట్టాడు. పుట్టాక ఆ చెవుల్ని ముట్టుకుని నవ్వని మనిషి ఈమె ఒక్కతే.

యువరాజు దొర్లుకుంటూ వచ్చి చేతులు జోడించాడు. "ఆరోజు సభలో మొదట కిసుక్కుమన్నది నేనే స్వామీ. నా బుద్ధి గడ్డితింది. నన్నేం చేసినా సరే, తుఫానుని ఆపండి."

"ఓలమ్మో!" అని గోచీ గురించి వెక్కిరించినామె నోరు కొట్టుకుంది. "ఈడు నిజంగానే యువరాజా?"

మాంత్రికుడు నేలచూపులు చూశాడు. "ఆపలేను నాయనా. మీదెక్కి తోలితే నా మాట వినును. దిగి వచ్చితిని. ఇప్పుడది..." మాట ఆపి, కట్టు కాస్త సడలించి, చెవి గుహ గోడకి ఆనించాడు. బయట గాలి సగానికి తగ్గింది. అయినా ఆయన మొహం సున్నంలా తెల్లబడింది.

"పగడాలదిబ్బకి పోతోందా?" అని యువరాజు అడిగాడు.

"లేదు. పిల్లగాలిగా ఉన్నప్పుడు నా ఒళ్ళోనే నిద్రపోయెడిది. చాపమీద నేను లేనని తెలుసుకున్నది. నన్ను వెతుక్కొనుచూ వెనుకకు వచ్చుచున్నది. నేను దొరికేదాకా ఈ దీవిని గిరగిర చుట్టును. గుహ కాదు, కొండ కూడా మిగలదు."

యువరాజు గోడ పట్టుకుని, రెండో ప్రయత్నంలో లేచి నిలబడ్డాడు.

"తూర్పున దీవులేమైనా ఉన్నాయా గవరయ్యా?"

"లేవు బాబూ. అటు ఉత్త సముద్రం. అటు పోయినోడు తిరిగొచ్చి ఏముందో సెప్పలేదు."

"అయితే ఈయన్ని తీసుకుని అటే పోదాం. ఆయన ఎటుంటే తుఫాను అటొస్తుంది. ఎవరూ లేనిచోటికి తీసుకుపోదాం."

"ఎవులూ లేనిచోటా? మరి మనం?" అన్నాడు గవరయ్య. అంటూనే తెడ్డు భుజాన వేసుకున్నాడు.

ఇక చూడాలి హడావుడి! మిగిలిన అయిదు పడవల్లో ఒకటి వీళ్ళకిచ్చారు. గుహలో పొయ్యిమీద ఇంకా ఉడుకుతున్న గంజి మిగిలిన నాలుగింట్లోకి ఎక్కించారు. తుఫాను తూర్పుకి మళ్ళగానే అవి పగడాలదిబ్బకి పోతాయి. యువరాజు నడుం మూట విప్పి, గుడ్డమీద ఉప్పుగవ్వ పక్కన 'ఏడు పడవలు కావాలి' అని రాసి, దాన్ని నూకాలవ్వ చేతిలో పెట్టాడు. ఎవరికేం కావాలో అన్నీ ఇందులో ఉన్నాయి, కోటకి చేర్చమన్నాడు.

"సేరుత్తాను. ముందు పగడాలదిబ్బ," అంది అవ్వ. "ఈపాలి మనం ముందు సేరకపోతే నా పేరు నూకాలు కాదు!"

ఒక చిన్న పడవ తూర్పుకి దూకింది. నడుమ మాంత్రికుడు, నెత్తిన ముసలమ్మ కొంగు. ముందు యువరాజు తెడ్డు వేస్తున్నాడు. ఆయన బరువుకి పడవ ముక్కు నీళ్ళలోకి దిగి, తోక పైకి లేచింది. దీవి చిన్నదై, గవ్వయి, చుక్కయి కనుమరుగైంది. పడమట ఆకాశం నల్లగా ఉబ్బి, ఒక్కసారి ఆగి, మెడ తిప్పి చూసింది.

"చూచినది," అని మాంత్రికుడు గుసగుసలాడాడు. "నన్ను చూచినది."

"కోపంగా ఉందా స్వామీ?" అని యువరాజు వెనక్కి తిరగకుండానే అడిగాడు.

"కోపమా? కాదు నాయనా. అది మరీ ప్రమాదము." ఆయన కొంగు చెవులమీదికి ఇంకా బిగించుకున్నాడు. "సంతోషముగా ఉన్నది."

ఏడు తాటిచెట్ల ఎత్తున అల లేచింది. గవరయ్య చుక్కాని బిగించి, పాట అందుకున్నాడు. తుఫాను తోకాడించుకుంటూ వాళ్ళమీదికి దూకింది.